ఇంక కారెక్కడండి

నేను ఒక పక్క సీటుని. కారులో ముందువైపు, ఎడమచేతి పక్కన ఉండేదాన్ని. స్టీరింగు వెనకుండే సీటు నాతోపాటే పుట్టింది. ఇద్దరిదీ ఒకటే తోలు, ఒకటే కుట్టు. అయినా దాని రాత వేరు, నా రాత వేరు. కారు కదలాలంటే దానిలో ఎవరో ఒకరు కూర్చుని తీరాలి. నాలో ఎవరూ కూర్చోకపోయినా కారు ఆగదు. నడిపేవాడికి తోడంటూ ఒకరుంటేనే నాకు పని.

పుట్టుకకేం, గొప్ప పుట్టుకే. మీగడ రంగు తోలు, గాలి ఆడటానికని దాని నిండా సూదిమొనంత చిల్లులు. కడుపులో ఒక తీగ కూడా పెట్టారు. ఎవరైనా కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే టింగు టింగుమని గోల చేయడం నా ఉద్యోగం. ఇన్ని హంగులూ అమర్చి, చివరికి నెత్తినుంచి కాళ్ళదాకా ఒక ప్లాస్టిక్ సంచి తొడిగారు. దారిలో దుమ్ము పడకుండా కాబోలు, ఇల్లు చేరగానే తీసేస్తారులే అనుకున్నాను. టీవీ రిమోటుకి కూడా తొడుగు వేసి, లోపలి అంకెలు కనబడక తిట్టుకునే మనుషుల ఇంటికి వెళుతున్నానని అప్పటికి నాకు తెలియదు.

నన్ను కొన్నాయన సూర్రెడ్డిగారు. అనపర్తి దగ్గర పల్లెలో ఆయనకి కోళ్ళఫారాలున్నాయి. కుర్రతనంలో సైకిలు వెనక గుడ్ల ట్రేలు కట్టుకుని, ఎండనక వాననక ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. ఒక్కగానొక్క కొడుకు ధీరజ్‌కి పదిహేడో ఏడు. వాడు అడిగింది బైకు. బైకైతే ప్రమాదమని ఈయన కారు కొన్నారు. మండపేటలో బావమరిది తన కొడుక్కి కొన్నదానికంటే పెద్దది, ఖరీదైనది. కన్నప్రేమ ఎక్కడ ఆగిందో, పంతం ఎక్కడ మొదలైందో ఆయనకే తెలియదు, ఇక నాకేం తెలుస్తుంది.

ఆయన భార్య సుభద్రమ్మగారు షోరూములోనే అడ్డం పడ్డారు. "ఆడికి లైసెన్సు లేదు, పద్దెనిమిది నిండలేదు. మా తమ్ముడు కొన్నాడని మీరూ కొనాలా ఏంటండీ?"

"మనూళ్ళో మన బండి ఆపేవోడెవడే? నేను పడ్డ ఎండ ఆడు పడకూడదు," అన్నారాయన.

"అయితే ఆడికి లైసెన్సు వచ్చిన రోజే ఎక్కుతాను నేను," అని ఆవిడ ఆటోలో ఇంటికి వెళ్ళిపోయారు.

కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ధీరజ్ స్టీరింగు పట్టుకున్నాడు. నాలో మొదట కూర్చున్నది సూర్రెడ్డిగారే. వెనక్కి జారబడలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పెళ్ళి ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నారు. ఇంటిదాకా అలాగే వచ్చారు. సుఖంగా కూర్చోవడం ఆయనకి ఎవరూ నేర్పలేదు. నాకు ఆయన మీద జాలేసింది. దిగగానే మాత్రం ఒక ఆజ్ఞ జారీ చేశారు.

"ప్లాస్టిక్కు ఎవరూ పీకద్దు. కొత్తది కొత్తదిలాగే ఉండాలి."

మర్నాడు లోవరాజు వచ్చాడు. సూర్రెడ్డిగారి గుడ్ల వ్యాను నడిపే నూకరాజు కొడుకు. ఆరో తరగతి నుంచీ ఈ ఇద్దరు పిల్లలూ ఆ వ్యానులోనే బడికి వెళ్ళారట. నూకరాజు పక్కన, గేరు రాడ్డు తగలకుండా కాళ్ళు ముడుచుకుని, కిటికీ వైపు నేనంటే నేనని కొట్టుకుంటూ. ఇప్పుడు ఇద్దరూ ఇంటర్, ఒకే కాలేజీ. నాకు ఈ సంగతులన్నీ వాళ్ళ కబుర్ల వల్ల తెలిసినవే.

లోవరాజు తలుపు తీసి, ప్యాంటు వెనక దులుపుకుని, నా అంచున ఒద్దికగా కూర్చున్నాడు. బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియక నా చేత కాసేపు గోల పెట్టించాడు. ధీరజ్ పకపకా నవ్వి తనే పెట్టాడు. కారు కాలేజీ గేటు దగ్గర ఆగేదాకా అంతా బాగానే ఉంది. దిగబోతూ లోవరాజు కింద వెతుక్కున్నాడు.

"ఒరేయ్, నా చెప్పుల్రా!"

"ఏవిరా?"

"మీ ఇంటి కాడ ఇప్పేసి ఎక్కేనురా. కొత్త కారు కదా!"

గుడి మెట్లెక్కేవాడిలా చెప్పులు విప్పి కారెక్కాడు. ఆ చెప్పులు ఊళ్ళో, వీడు కాలేజీలో. ధీరజ్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, తన బూట్లు కూడా విప్పి కారులో పడేశాడు. ఆ రోజంతా ఇద్దరూ ఒట్టికాళ్ళతోనే తిరిగారు. సాయంత్రం వచ్చి, కాలిన అరికాళ్ళు చూపించుకుని మళ్ళీ నవ్వుకున్నారు. నా బతుకులో అంత మంచి రోజు ఇంకొకటి లేదు.

ఇంటర్ మొదటేడు ఫలితాలు వచ్చిన రోజు, లెక్కలు తప్పుతాడనుకున్న లోవరాజు గట్టెక్కాడు. ఆ సంతోషంలో తాపేశ్వరంలో మడత కాజాలు కొని తెచ్చాడు. కాలవగట్టు మీద చెట్టునీడన కారాపారు. వేసవికాలం. ప్లాస్టిక్ చెమటకి వీపుకి అంటుకుపోయి, కదిలినప్పుడల్లా పరపరమంటోంది.

"ఇదేంట్రా బాబూ, కోళ్ళషెడ్డు పరదాలాగా," అన్నాడు లోవరాజు.

"చింపెయ్‌రా."

"మీ నాన్న?"

"నా కారా, ఆయన కారా? నా కారు. నేను చెప్తన్నాను, చింపెయ్."

లోవరాజు ముందు గోరుతో గీరాడు. తరవాత ఒక్క గుంజు గుంజాడు. నా ఒంటి మీదికి గాలి వచ్చింది. ఆ వెనకే ఒక మనిషి వీపు, దాని వెచ్చదనం వచ్చాయి. అన్నాళ్ళూ బరువు మోశానే గాని మనిషి ఎలా ఉంటాడో నాకు తెలియదు. వాడు హాయిగా జారబడి కాజా కొరికాడు. మడతల్లోంచి పాకం కారి నా మీద పడింది. చొక్కా కొసతో తుడిచాడు గానీ, చిల్లుల్లోకి దిగినది దిగిపోయింది. వాడు కంగారుపడ్డాడు. నేను పడలేదు.

మూడోనాటికి చీమలు పట్టాయి.

చీమల వరస వెంటే సూర్రెడ్డిగారు నా దాకా వచ్చారు. చిరిగిన ప్లాస్టిక్‌ని చూశారు, మరకని చూశారు. పెరట్లో నూకరాజు వ్యాను కడుగుతున్నాడు, లోవరాజు ట్రేలు దింపుతున్నాడు. రెండో ఏడు క్లాసులు వేసవిలోనే మొదలెట్టారు, ధీరజ్ కాలేజీకి బయల్దేరబోతూ కారు దగ్గరే ఉన్నాడు.

"ఎవడ్రా ఇది చింపింది?"

ధీరజ్ నేల చూశాడు. నేను వాడి నోటికేసి చూస్తూ కూర్చున్నాను. 'నేనే చింపమన్నాను నాన్నా' అంటే చాలు. నాలుగు తిట్లు, ఒక పూట అలక, అంతకు మించి ఏమీ జరిగేది కాదు. బెల్టు పెట్టుకోకపోతే గోల చేసే తీగ నాకు అమర్చారు గానీ, నోరు విప్పాల్సినవాడు విప్పకపోతే గోల చేసే తీగ అమర్చలేదు.

"నేనేనండి," అన్నాడు లోవరాజు, ట్రేలు కింద పెట్టి.

సూర్రెడ్డిగారు వాణ్ణి ఏమీ అనలేదు. నూకరాజు వైపు తిరిగారు. "ఏం నూకరాజూ, మావోడు సరదాపడి ఎక్కించుకుంటే ఇలాగేనా? అంత కారు చూసేడా ఎప్పుడన్నా మీవోడు?"

నూకరాజు తడిచేతులు లుంగీకి తుడుచుకున్నాడు. కొడుకు వైపు ఒక్కసారి చూసి, ఆ చేతులే జోడించాడు.

"తప్పయిపోయిందండి. ఇంక మావోడు మీ కారెక్కడండి."

నూకరాజు అన్నది 'ఎక్కడు, అండి' అని, అంటే ఇక ఎక్కబోడని. నా చెవికి మాత్రం అది ప్రశ్నలా వినిపించింది. ఇంక కారు ఎక్కడండి? ఎక్కడని చెప్పను? ఆ రోజు ధీరజ్ ఒక్కడే కాలేజీకి వెళ్ళాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఆ కారు వాడిది కాదని. వాడిదే అయితే ఆ ఒక్క మాటా అనేవాడు.

మరకని కప్పుతూ నా మీద ఒక తువ్వాలు పరిచారు. లోవరాజు బస్సుకి మారాడు. రోజూ పొద్దున్న బస్టాపు దగ్గర కారు నెమ్మదించేది. ధీరజ్ నా వైపు అద్దం దించేవాడు, నోరు మాత్రం విప్పేవాడు కాదు. లోవరాజు బస్సు వచ్చే దిక్కుకేసి, అంటే కారుకి వీపు పెట్టి నిలబడేవాడు. అద్దం మళ్ళీ పైకి లేచేది.

ఖాళీ ఎక్కువసేపు ఖాళీగా ఉండదు. కొత్త స్నేహితులు వచ్చారు. వంతులు వేసుకుని నాలో కూర్చున్నారు, ఫొటోలు దిగారు, పాటలు పెంచారు, ఇంకా జోరుగా పోనీమన్నారు. వాళ్ళు కారులో కూర్చున్నారు, ధీరజ్ పక్కన కూర్చోలేదు. వాడికి కూడా ఆ తేడా తెలిసినట్టుంది, ఒకరొకరినే వదిలించుకున్నాడు. తరవాత నాలో కూర్చున్నది వాడి పుస్తకాల సంచి. లావు పుస్తకాలు కదా, నా తీగకి అది మనిషనిపించింది. టింగు టింగుమన్నాను. ధీరజ్ సంచీని చూశాడు. బెల్టు లాగి, సంచికి అడ్డంగా పెట్టి బిగించాడు. గోల ఆగింది. అప్పటినుంచి రోజూ సంచికి బెల్టు పెట్టుకునే వెళ్ళేవాళ్ళం, సంచి లేని రోజున ఉత్త గాలికి. ఒక పిల్లవాడు ఎవరూ లేని సీటుకి బెల్టు పెడుతుంటే పక్కన ఉండి చూడటం చాలా కష్టం.

పద్దెనిమిది నిండాయి, లైసెన్సు వచ్చింది. అన్న మాట ప్రకారం సుభద్రమ్మగారు ఆ రోజే నాలో కూర్చున్నారు. తువ్వాలు ఎత్తి, మరకని వేలితో రాశారు.

"నువ్వేగదా చింపమన్నావు?" అని కొడుకుని అడిగారు. వాడు తలూపాడు. ఆవిడ తువ్వాలు మళ్ళీ సర్దారు.

"మీ నాన్న నీకు కారిచ్చేరు, పక్కన కూచునేవోణ్ణి తీసేసేరు. నువ్వు చూస్తా ఊరుకున్నావు. నేను దిగిపోతాను. సీటు కాళీగా ఎట్టుకుని ఆడి దగ్గరికెళ్ళు."

ఆవిడ దిగిపోయారు. ధీరజ్ కారుని నేరుగా ఫారానికి పోనిచ్చాడు. కాలేజీ సెలవులు, లోవరాజు తండ్రికి సాయంగా వ్యానులోకి గుడ్లెక్కిస్తున్నాడు. ధీరజ్ లోపలి నుంచే వంగి నా వైపు తలుపు తీశాడు. తువ్వాలు తీసి వెనక పడేశాడు. నా మరక, నేను, తెరిచిన తలుపు, అందరం వాడికోసం చూశాం.

"ఎక్కరా," అన్నాడు ధీరజ్.

"లేదండి. లోడెక్కించాలండి."

"అండి ఏంట్రా?"

"అలవాటయిపోయిందండి."

మా గోదారి జిల్లాల్లో అండి లేకుండా కాకిని కూడా తోలరు. పాలవాడికి అండి, బిచ్చగాడికి అండి. ఆ మాటలో ఎంత తీపి ఉందో నాకు తెలుసు. కానీ 'ఒరేయ్' ఉండాల్సిన చోటికి అది వచ్చి కూర్చుంటే ఎంత చేదో ఆ రోజే తెలిసింది. ధీరజ్ 'తప్పు నాదిరా' అన్నాడు. ఏడాది ఆలస్యంగా అన్నాడు. లోవరాజు నవ్వాడు, కోపంగా ఏం కాదు, మర్యాదగా. "ఎండలో తలుపు తీసుంచకండి, ఏసీ పోద్దండి," అని, నా వైపు తలుపు తనే మెల్లగా, దెబ్బ తగలకుండా వేశాడు.

ఆ తరవాత నాకు జరిగినవన్నీ అందరికీ జరిగేవే. ధీరజ్ విశాఖపట్నం హాస్టలుకి పోయాడు. సూర్రెడ్డిగారు వారానికొకసారి వచ్చి, బ్యాటరీ పాడవకుండా ఇంజను తిప్పేవారు. కాసేపు స్టీరింగు ముందు కూర్చుని, నా వైపు చూసి, తువ్వాలు సర్ది వెళ్ళిపోయేవారు. ఆ చూపులో ఏముండేదో చెప్పలేను. తరవాత కారు అమ్మేశారు. కొన్నవాళ్ళు ఇంకొకరికి అమ్మారు. ఒక వానాకాలం అది కాలవలో పడింది. మనుషులు బయటపడ్డారు, కారు ముక్కలైంది. ద్వారపూడి రోడ్డులో వలీ అనే మెకానిక్ నన్ను తెచ్చి, తన షెడ్డు ముందు ఇటుకల మీద నిలబెట్టాడు. బండి బాగయ్యేదాకా వచ్చినవాళ్ళు నాలో కూర్చుంటారు. పక్క సీటునే, పక్కన మాత్రం ఏమీ లేదు. కడుపులో తీగ తెగిపోయింది, ఎవరు కూర్చున్నా గోల చేయను. ఎక్కడండి అని ఎవరైనా అడిగితే, ఇక్కడండి అని చెప్పుకోవడానికి చోటు మాత్రం దొరికింది.

మొన్నొక పొద్దున్న ఒక గుడ్ల వ్యాను వచ్చి ఆగింది. టైరు పంక్చరు. డ్రైవరు నా దగ్గరికి వచ్చి, ప్యాంటు వెనక దులుపుకుని, చెప్పులు విప్పాడు.

"ఏంటండీ, పాత సీటేగా! చెప్పుల్తోనే కూచోండి," అని నవ్వాడు వలీ.

వాడు నా అంచున కూర్చున్నాడు. ఒళ్ళు బరువెక్కింది, భుజాలు వెడల్పయ్యాయి. ముఖాలు మారతాయి గానీ కూర్చునే తీరు మారదు. చేతివేళ్ళు ఊరికే తోలు మీద తిరుగుతూ తిరుగుతూ ఒకచోట ఆగాయి. వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత మెల్లగా వెనక్కి జారబడ్డాడు, కాలవగట్టు మీద జారబడ్డట్టే. నాకు తీగ ఉంటే ఊరంతా వినబడేలా గోల చేసేదాన్ని.

జేబులోంచి ఫోను తీశాడు. ఏదో పేరు వెతికాడు. దొరికినట్టే ఉంది, బొటనవేలు దాని మీద నిలిచింది. నొక్కుతాడనుకున్నాను. నొక్కి, 'ఒరేయ్' అంటాడనుకున్నాను.

"అయిపోయిందండి," అని కేకేశాడు వలీ.

వాడు ఫోను జేబులో పెట్టుకుని లేచాడు. నాలుగడుగులు ఒట్టికాళ్ళతో వేశాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అలాగే వెళ్ళిపోతాడేమోనని ఆశపడ్డాను. వాడు వెనక్కి తిరిగి వచ్చి, చెప్పులు తొడుక్కుని వెళ్ళాడు. ఈసారి మరిచిపోలేదు.