రెండు నిమిషాల సాక్ష్యం

నా రాతలో తప్పులు ఉంటాయి. ఒత్తు ఒకచోట పెట్టబోయి ఇంకోచోట పెడతాను. మా ఆయన పోయాక, యాభై మూడేళ్ళప్పుడు పలక పట్టినదాన్ని కాబట్టి చేయి నిదానం. ఈ నాలుగు కాగితాలకు నెల పట్టింది. చదివేవాళ్ళు ఓర్చుకోవాలి. గార్లదిన్నె దగ్గర, పైదేశాలకు దేవుని సేవకు పోయే పిల్లలకు శిక్షణ ఇచ్చే ఇంట్లో నేను వంట చేసేదాన్ని. అక్కడికి వచ్చిన మారుతి సంగతి ఇది. అతను చెప్పింది, నేను చూసింది కలిపి రాస్తున్నాను.

మారుతిది ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు. అతనికి నాలుగేళ్ళప్పుడు తల్లి హేమావతి ప్రార్థన మందిరానికి పోవడం మొదలుపెట్టింది. కొడుకును చంకన వేసుకొని పోయింది. అప్పటి నుంచి అతనికి ఆదివారం తప్పింది లేదు. తండ్రి పెట్టిన పేరు మార్చుకోమని ఎవరూ అనలేదు, అతనూ మార్చుకోలేదు. ఇరవై మూడేళ్ళకు శిక్షణకు వచ్చాడు. పదకొండు నెలలు నేర్చుకొని ఆఫ్రికాలోని మలావి దేశం పోవాలి. అంతకు మించి అతనికి వేరే ఆశ లేదు.

ఆ ఇంట్లో ఎనిమిది మంది పిల్లలు. తెల్లవారక ముందే లేచి నీళ్ళు మోసేవాళ్ళు. సైకిల్ పంక్చర్ వేయడం, ఒకరి తల ఒకరు కత్తిరించడం, పుండు కడిగి కట్టు కట్టడం, ఫోన్లో వినిపించే ఆ దేశపు మాటలను తిరిగి పలకడం, ఇవన్నీ చదువులే. అక్కడివాళ్ళు మొక్కజొన్న పిండితో మన సంగటి లాంటిదే చేసుకొని తింటారని పాఠంలో చెప్పిన రోజు పిల్లలు ఉసూరుమన్నారు.

"విమానమెక్కి పోయేది సంగటి తినేకా," అన్నాడు తేజ. తేజది మడకశిర, నోరు ఊరుకోదు. మారుతి మటుకు ఆ రోజే వంటింట్లోకి వచ్చి తెడ్డు అడిగి తీసుకున్నాడు. నెల తిరిగేసరికి ఉండ కట్టకుండా కెలకడం వచ్చింది.

అన్నీ వచ్చాయి. సాక్ష్యం ఒక్కటే రాలేదు. సాక్ష్యమంటే, తాను దేవుని వైపు ఎట్లా తిరిగాడో పదిమంది ముందర నిలబడి చెప్పడం. ఆదివారాలు పల్లెల్లోని మందిరాలకు పిల్లలను పంపి చెప్పించేవాళ్ళు. తేజ చెబితే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకొనేవాళ్ళు. ఇసుక ట్రాక్టరు తోలుతూ తాగినాడు, ట్రాక్టరు బోల్తా పడింది, దాని కింద నుంచి దేవుణ్ణి పిలిచాడు. మారుతి లేచి, నాలుగేళ్ళప్పుడు మా అమ్మ తీసుకొనిపోయింది, అప్పటి నుంచి పోతున్నాను, దేవుడు నాకు మంచివాడు అనేవాడు. రెండు నిమిషాలు. జనం ఇంకా ఏదో ఉందని చూసేవాళ్ళు. అతను అప్పటికే కూర్చొని ఉండేవాడు.

"ఏమప్పా మారుతీ, నువ్వు నోరు తెరిసేలోపలే ఆమెన్ వస్తాండాది," అనేవాడు తేజ. "పోయి రెండు గ్లాసులు తాగి రాపో. ఒక ఆదివారానికన్నా పనికొస్తాది."

శిక్షణకు పెద్ద ఈశ్వరప్ప అయ్యగారు. పదహారేళ్ళు ఆఫ్రికాలో ఉండి వచ్చిన మనిషి, మాట తక్కువ. తొమ్మిదో నెలలో ఒకరోజు మారుతిని పిలిచాడు.

"పనిలో నీకు వంక పెట్టేది లేదు. నీ మాటకే బలం లేదు. ఆడ పోయి ఏం చెప్తావు?"

ఇంక మిగిలింది ఒక్క మెట్టే. ప్రతి పిల్లవాడూ ముక్కు మొహం తెలియని ఇంట్లో పదిరోజులు ఉండి రావాలి. ఆ ఇంటివాళ్ళు వచ్చి, ఈ పిల్లవాడు ఎట్లాంటివాడో అయ్యగారికి చెప్పాలి. దాన్నిబట్టే పంపడమో మానడమో.

అతనికి ముదిగుబ్బ పక్క పల్లెలో లక్ష్మీదేవమ్మ ఇల్లు పడింది. మొగుడు లేడు. గొర్రెలూ మేకలూ కలిపి యాభై జీవాలు, ఒక కొడుకు. మారుతి చేరింది శనివారం. మరునాడు రేకుల మందిరంలో సాక్ష్యం చెప్పమని లేపారు. అతను నిలబడ్డాడు. ఎదురుగా నలభై ముఖాలు. నాలుగేళ్ళప్పుడు అనబోయాడు. నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"నేను తాగుబోతును. తాగొచ్చి మా అమ్మను కొడతాంటి."

తాగుడంతా తేజ చెప్పేదే. తల్లిని కొట్టడం ఒక్కటి తానే కలిపాడు. ఒకరోజు దేవుని మాట చెవిన పడింది, ఆ దినమే నిలిపేసినా, మళ్ళీ ముట్టలేదు అని ముగించాడు. ముందు వరుసలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలాయన ఒకడు చేతులెత్తి హల్లెలూయ అన్నాడు. ఎండలో నాలుగు మైళ్ళు నడిచొచ్చి కడవలో నీళ్ళు తాగినట్టుగా అయింది మారుతికి.

మధ్యాహ్నం లక్ష్మీదేవమ్మ సంగటి పెట్టి, ఊరిబిండి పచ్చడి వేసి, ఎదురుగా కూర్చుంది. కొంగు నోటికి పెట్టుకున్నది ఆమే.

"నాయనా, నా కొడుకు కుళ్ళాయప్ప పద్నాలుగేండ్లుగా తాగుతాండాడు. లేస్తూనే మందు పడాల. నా మాట వినడు. తాగనోళ్ళు చెప్తే ఇంగా వినడు. మీకేం తెలుసు అంటాడు. నువ్వు తెలిసినోనివి. నువ్వు చెప్పు."

అప్పుడే చెప్పి ఉండవచ్చు. ముద్ద నోట్లో ఉంది. పది రోజులు, ఈమె గార్లదిన్నెకు వచ్చి చెప్పబోయే మాట, మలావి, అన్నీ గుర్తొచ్చి నిజాన్ని ఆ ముద్దతోపాటే మింగాడు.

"చెప్తా పెద్దమ్మా," అన్నాడు.

సోమవారం జీవాల వెంట ఇద్దరూ గుట్ట కిందికి పోయారు. కుళ్ళాయప్పకు ముప్పై ఆరేళ్ళు, చూస్తే యాభై. తుమ్మచెట్టు నీడలో కూర్చున్నారు.

"అమ్మను కొడితివంటనే," అన్నాడు కుళ్ళాయప్ప.

"ఊఁ."

"నేను కొట్టలేదప్పా. ఒకసారి చెయ్యి లేచె. ఆమె పక్కకు పోకుండా అట్లే నిలబడె. దించుకుంటి." అతను నేల మీద పుల్లతో గీశాడు. "నువ్వు కొట్టినోనివే మారినావు. నాకేం రోగం. ఒక్క దినంలో నిలిపితివి కదా?"

"ఒక్క దినంలోనే అన్నా."

కుళ్ళాయప్ప నడుముకు చుట్టిన తువ్వాలలో నుంచి సీసా తీశాడు. సగం ఉంది. తుమ్మచెట్టు మొదట్లో ఒంపేశాడు. ఆ సాయంత్రం సంగతి తెలిసి లక్ష్మీదేవమ్మ మారుతి కంచంలో నెయ్యి వేసింది.

మంగళవారం పొద్దెక్కేసరికి కుళ్ళాయప్ప చేతులు ఆగడం లేదు. చెంబు పట్టుకుంటే నీళ్ళు రొమ్ము మీద పడుతున్నాయి. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది. తిన్నది బయటికి వచ్చింది.

"నీకూ ఇట్లే అయ్యెనా?" అడిగాడు.

"అయ్యె అన్నా."

"ఎన్ని దినాలు?"

మారుతికి ఏం తెలుసు. "మూడు," అన్నాడు.

"అయితే రేపటితో సరి," అన్నాడు కుళ్ళాయప్ప, పళ్ళు బిగించుకొని. ఆ ముఖం చూడలేక మారుతి జీవాలను మళ్ళించే సాకుతో లేచిపోయాడు.

బుధవారం పొద్దున మంద దొడ్డిలో కుళ్ళాయప్ప ఒక గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకొని దాని వీపును గబగబా తుడుస్తున్నాడు. పిల్ల అరుస్తోంది.

"చీమలు. సూడు, పిల్లను తినేస్తాండాయి."

మారుతి వంగి చూశాడు. ఒక్క చీమ లేదు.

"ఇట్ల కనపడెనా నీకు? చెప్పప్పా. కనపడి, పోయెనా?"

మారుతి పెంటికల మీదే మోకాళ్ళూనాడు. గొర్రెపిల్లను అతని చేతుల్లో నుంచి మెల్లగా తీసి కింద వదిలాడు.

"అన్నా, నేను తాగలేదు. యాపొద్దూ తాగలేదు. మా అమ్మను కొట్టలేదు. మందిరంలో చెప్పిందంతా అబద్ధం. నీకేమైతాందో నాకు తెలీదు. ఆసుపత్రికి పోదాం, లే."

కుళ్ళాయప్ప తలెత్తాడు.

"తాగనే లేదా?"

"లేదు."

"మూడు దినాలంటివే?"

"నోటికొచ్చింది చెప్పినా."

"నేను దాని మీదనే నిలబడినా కదప్పా," అన్నాడు కుళ్ళాయప్ప. గొంతులో కోపం కూడా లేదు.

దొడ్డి వాకిట్లో లక్ష్మీదేవమ్మ పెంటగంపతో నిలబడి ఉంది. అంతా విన్నది. గంప దించి, "తిట్టేది తర్వాత తిడతా. పక్కింటోళ్ళ బొలెరో ఉండాది, పిలుచుకొని రా," అంది.

జీవాలను సంతకు తీసుకుపోయే బండి అది. వెనకాల గడ్డి మీద కుళ్ళాయప్పను పడుకోబెట్టారు. బత్తలపల్లి దాటాక మూర్ఛ వచ్చింది. ఒళ్ళంతా కొయ్యబారి కొట్టుకుంటుంటే, శిక్షణలో నేర్పినట్టు మారుతి అతన్ని పక్కకు తిప్పి, తల ఇనుప పట్టీకి తగలకుండా తన చేయి అడ్డం పెట్టాడు. అనంతపురం చేరేసరికి ఆ చేయి చెక్కుకుపోయింది.

డాక్టరమ్మ సూదిమందు వేసి, మనిషి కుదుటపడ్డాక బయటికి వచ్చింది.

"ఇన్నేళ్ళు తాగిన ఒంటికి ఒక్కసారిగా నిలిపితే ప్రాణం మీదికొస్తుంది. మందులిస్తూ, మా కళ్ళ ముందర నిలపాలి. ఇట్లా చేయమని ఎవరు చెప్పారు?"

"నేనే మేడమ్."

"మీరెవరు?"

మారుతి చెక్కుకుపోయిన చేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

లక్ష్మీదేవమ్మ మరునాడే ఊరికి బయలుదేరింది. "జీవాలను ఇడిసిపెట్టి నేను ఉండలేను. ఈడికి తెచ్చింది నువ్వు, నువ్వే సూసుకో," అంది. మారుతి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మొదటి మూడు రోజులు కుళ్ళాయప్ప అతనితో మాట్లాడలేదు. నాలుగో రోజు, "ఆ బ్రెడ్డు ఇటియ్యి, అబద్ధాలరాయుడా," అన్నాడు.

ఆ తర్వాత వారం లక్ష్మీదేవమ్మ గార్లదిన్నెకు వచ్చింది. అయ్యగారి గదిలోకి రమ్మంటే రాకుండా నా వంటింటి గడప మీద కూర్చుంది. అయ్యగారే అక్కడికి వచ్చాడు. మారుతి గోడకు ఆనుకొని నిలబడ్డాడు. జరిగింది అప్పటికే తన నోటితో తాను చెప్పేశాడు.

"ఎట్లాంటి పిల్లోడమ్మా?" అడిగాడు అయ్యగారు.

"అబద్ధాలకోరు సామీ," అందామె. "తొమ్మిది దినాలు నా కొడుకు ఉచ్చగుడ్డలు ఉతికినాడు. రెండూ రాసుకోండి."

ఆమె మజ్జిగ తాగి బస్సుకు పోయింది. అయ్యగారు పొయ్యి వైపు చూస్తూ, "ఈ బ్యాచ్‌తో నువ్వు పోవడం లేదు," అన్నాడు.

"సరే అయ్యగారూ."

"మాటకు బలం లేదన్నది నేను. ఆ తప్పు నాది. అబద్ధం నీది. ఒక ఏడాది ఆ ఊర్లోనే ఉండు. ఆ మనిషి పక్కన ఉండు. తర్వాత చూద్దాం."

మిగతా ఏడుగురూ వేసవిలో వెళ్ళిపోయారు. పెట్టె సర్దుకుంటూ తేజ, "ఇప్పుడు నీకూ ఒక సాక్ష్యం దొరికెనప్పా, నాదానికంటే పెద్దది," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మా ట్రాక్టరు బోల్తా పడలేదు. పక్కకు ఒరిగె అంతే. ఇంగ ఆడ ఒరిగెననే చెప్తా," అన్నాడు.

మారుతి పల్లెకు తిరిగిపోయిన మొదటి ఆదివారం రేకుల మందిరంలో లేచి నిలబడ్డాడు. ఇక్కడే అబద్ధం చెప్పాను అన్నాడు. ఏం చెప్పాడో, దానివల్ల ఒక మనిషికి ఏమైందో మొదలుపెట్టాడు. ముందు వరుసలో ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. ముసలాయన చేతులెత్తాడు. మారుతికి మళ్ళీ ఆ చల్లని నీళ్ళు గొంతులో దిగినట్టయింది. చెప్పడానికి ఇంకా బొలెరో ఉంది, మూర్ఛ ఉంది, చెక్కుకుపోయిన చేయి ఉంది. ఆ రుచి అబద్ధం చెప్పిన నాటిదేనని ఆనవాలు పట్టాడు. "తప్పు చేసినాను, క్షమించండి. నాలుగేళ్ళప్పుడు మా అమ్మ నన్ను తీసుకొనిపోయింది. అప్పటి నుంచి పోతాండా. అంతే," అని కూర్చున్నాడు.

బయట రేకు నీడలో కుళ్ళాయప్ప కర్ర మీద చుబుకం ఆనించి నిలబడి ఉన్నాడు. లోపలికి ఎప్పుడూ రాడు.

"ఏమప్పా, నా చీమల సంగతి చెప్పకపోతివే?" అన్నాడు, బయటికి వచ్చాక.

"అది నీది అన్నా. నువ్వు చెప్పుకోవాల."

"నేను చెప్పను."

"సరే, వద్దు."

ఇద్దరూ జీవాలను తోలుకొని పోయారు. ఆ ఏడాదిలో కుళ్ళాయప్ప రెండుసార్లు తాగాడు. రెండుసార్లూ మారుతి వెంటరాగా తానే నడిచి బస్సెక్కి, మాత్రలకు పోయాడు. మూడోసారి ఇంతవరకు లేదు.

పోయిన ఏడు మారుతి మలావి వెళ్ళాడు. నెలకోసారి నా ఫోనుకు మాట పంపుతాడు. అక్కడ మొదటి ఆదివారం సాక్ష్యం అడిగారట. వాళ్ళ భాషలో కూడబలుక్కొని చెప్పినా రెండు నిమిషాలకే అయిపోయిందట. ఒక ముసలమ్మ అంతేనా అని అడిగింది, అంతే అన్నాను, ఇంటికి పిలిచి సంగటి పెట్టింది అని చెప్పాడు. మనకంటే కొంచెం పలచన అట.

యశోదమ్మ, అరవై నాలుగేళ్ళు. ఇప్పుడు ఉండేది ధర్మవరంలో, మా చెల్లెలి ఇంట్లో.