అటు భూమి, ఇటు భూమి

పైగదిలోంచి నలుగురైదుగురు మగవాళ్ల గొంతులు వినబడేసరికి దశరథ మెట్ల మధ్యలో ఆగిపోయాడు. ఆ గదిలో కిరాయికి ఉంటున్నది సింధు ఒక్కతే. ఎవరూ వచ్చిన అలికిడి లేదు. గుమ్మం ముందు చెప్పులూ లేవు. అంతకంటే విచిత్రం, ఆ గొంతులు వల్లిస్తున్నవి తన మాటలు.

"అడుగు, ఆపు, తాళమెయ్యి... చూడు, ఆగు, రాడు దియ్యి..."

మాటలు తనవే గాని పలుకు తనది కాదు. సాగదీసి, ముక్కుతో మూలిగి, సినిమాలో నౌకరు వేషం కట్టినవాడు మాట్లాడినట్టుంది. ఉతికిన బట్టల బకెట్టు మెట్టు మీద పెట్టి దశరథ పైకి వెళ్లాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది. బల్ల మీది తెరలో కూలిపోయిన మేడలు, వాటి మధ్య తుప్పు పట్టిన ట్రాన్స్‌ఫార్మర్. దానికి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. మెడల్లో కరెంటు తీగెలు చుట్టుకున్న మనుషులు దాని ముందు సాగిలపడి ఉన్నారు.

సింధు తలతిప్పి చూసి ల్యాప్‌టాప్ మూత దించేసింది. గొంతులు ఆగిపోయాయి.

"ఏంది బిడ్డా గది?"

"ఆఫీసు పని అంకుల్. టెస్టింగ్ చేస్తున్నా."

"గా గొంతులెవరియి?"

"మా ఆఫీసు కుర్రాళ్లవి. రికార్డింగు." చెబుతూనే ఆ అమ్మాయి బల్ల మీది కాగితాలను ఒక పుస్తకం కిందికి తోసింది. ఆ తోయడం దశరథ చూశాడు.

సింధుది గుడివాడ. కంప్యూటర్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీలో కథలూ మాటలూ రాసే ఉద్యోగం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై మూడో వారం నడుస్తోంది. బస్సులు డిపోలు దాటడం లేదు కాబట్టి గదిలోనే కూర్చుని పనిచేసుకుంటోంది. బొగ్గు రాక కరెంటు కూడా రోజుకు నాలుగైదు గంటలు పోతోంది.

కిందికి వచ్చి కూర్చున్నా దశరథకు చెవుల్లో అవే గొంతులు. ఆ పాట ఆయన సబ్‌స్టేషన్ ఆపరేటర్‌గా ఉన్నప్పుడు కట్టింది. ఒకసారి దశరథ లైన్‌లో కరెంటు ఆపాడన్న నమ్మకంతో సీతారాములు అనే లైన్‌మన్ స్తంభం ఎక్కాడు. దశరథ నిజంగానే ఆపాడు. సీతారాములు ఒకవైపు తీగెకు రాడ్ తగిలించి భూమికి కలిపాడు కూడా. కాని రెండోవైపు ఏదో ఫంక్షన్ హాల్లో పెళ్లి నడుస్తోంది. అక్కడి జనరేటర్ కరెంటు తీగెల వెంబడి వెనక్కి వచ్చింది. సీతారాములు స్తంభం మీదే పోయాడు. ఆ తర్వాత కొత్తగా చేరిన ప్రతివాడికీ దశరథ ఆ నాలుగు చరణాలూ నోటికి నేర్పాకే పనిలోకి వదిలేవాడు.

అడుగు, ఆపు, తాళమెయ్యి
చూడు, ఆగు, రాడు దియ్యి
అటు భూమి, ఇటు భూమి
దండం బెట్టి ఎక్కు సామి

రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. వరండాలో మెయిన్‌కూ చిన్న జనరేటర్‌కూ మధ్య చేత్తో తిప్పే స్విచ్ ఉంది. అది తిప్పేముందు దాన్ని వేళ్లతో తాకి, కళ్లకద్దుకుని, ఆ నాలుగు చరణాలూ గొణుక్కుంటాడు. తన ఇంటి జనరేటర్ కరెంటు ఏ స్తంభం మీదివాడికీ తగలకూడదని. భార్య యాదలక్ష్మి ఉన్న రోజుల్లో "మీ మంత్రం అయిందా, బువ్వ పెట్టాల్నా?" అని ఎకసెక్కమాడేది.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వారం కరెంటు పోయినప్పుడు సింధు మెట్ల మీద కూర్చుని ఉంది. "ఏం చదువుతున్నారు అంకుల్?" అని అడిగింది. "ఏంలే బిడ్డా, పాత అలవాటు" అన్నాడు. ఆ అమ్మాయి చేతిలో ఫోన్ ఉంది. వెలుతురు కోసం పట్టుకుందనుకున్నాడు.

మర్నాడు షేర్ ఆటోలో ఎల్‌బీ నగర్ చౌరస్తాకు పోయి దీక్షా శిబిరంలో కూర్చున్నాడు. పక్కన అంతయ్య. కాలనీలో పైపుల దుకాణం నడుపుతాడు, సమ్మె మొదలైనప్పటినుంచి షట్టర్ దించి అక్కడే ఉంటున్నాడు. సంగతంతా విని అంతయ్య తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

"మనోళ్లను సినిమాల్ల రౌడీలను జేసిన్రు, నౌకర్లను జేసిన్రు. ఇగ ఆటల్ల పిచ్చోళ్లను జేస్తున్రా? ట్రాన్స్‌ఫార్మర్‌కు మొక్కేటోళ్లమా అన్నా మనం?"

"నేను సూసింది గంతే. జర ఆగు."

"ఇంకేం సూస్తవ్? నీ నోట్ల మాట దొంగతనం జేసి నిన్నే ఎక్కిరిస్తుంటే. పండుగలోపు రూము ఖాళీ జెయ్యమను."

"బస్సుల్లేవు గదనే. ఎట్ల పోతది పిల్ల?"

"బస్సులాపింది గూడ మనమే గదా" అని అంతయ్యే ముందు నవ్వాడు. తర్వాత ముఖం బిగించాడు. "నీతోటి గాకుంటే నేనొచ్చి చెప్త."

"నా ఇల్లు, నేనే చెప్త. దసరా నాడు చెప్త."

దసరాకు మిగిలిన మూడు రోజులూ దశరథ పైగదిని ఒక కంట కనిపెడుతూనే ఉన్నాడు. ఆ అమ్మాయి మెట్లు దిగితే పేపరు మడిచేవాడు. స్విచ్ దగ్గరికి వెళ్లేముందు అటూ ఇటూ చూసి, పెదవులు కదపకుండా చదువుకునేవాడు. పాలు దొరకని రోజున సింధు ఎక్కడినుంచో రెండు పాకెట్లు తెచ్చి ఒకటి ఆయన కిటికీలో పెట్టి వెళ్లింది. ఇదివరకైతే ఆ మంచితనానికి పొంగిపోయేవాడే. ఇప్పుడు పాలు కాచుకుంటూ ఇది ఎందుకిచ్చినట్టు అని ఆలోచించాడు.

దసరా పొద్దున స్నానం చేసి వరండాలో పీట వేశాడు. కటింగ్ ప్లేయరు, టెస్టర్, ముప్పై ఏళ్లనాటి రబ్బరు చేతితొడుగులు పీట మీద పేర్చాడు. పసుపు పూసి బొట్లు పెట్టాడు. జనరేటర్‌కు బంతిపూల దండ వేశాడు. స్విచ్ పిడికి కుంకుమ అద్దుతుండగా వెనకనుంచి ఎవరో చూస్తున్నట్టనిపించి తిరిగాడు. మెట్ల మీద సింధు. ఫోన్ లేదు గాని ఆ చూపు ఒట్టి చూపు కాదు, రాసుకునే చూపు.

దశరథ బొట్టు వేలు పంచెకు తుడుచుకున్నాడు. తెరలోని ట్రాన్స్‌ఫార్మర్‌కూ, ఇక్కడి జనరేటర్‌కూ ఉన్న పోలిక తనకే కనబడి ముఖం వేడెక్కింది.

"ఇది గూడ రాస్కుంటవా?"

సింధు ఒక మెట్టు పైకి జరిగింది.

"నీ ఆట చూపియ్యి. చూసినంక ఈ ఇంట్ల ఉండాల్నో పోవాల్నో చెప్త."

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. "ఇప్పుడెక్కడికి వెళ్లనంకుల్?" అని మాత్రం అంది. పైకెళ్లి ల్యాప్‌టాప్ తెచ్చి పీట పక్కనే నేల మీద పెట్టింది.

లోకం నాశనమైపోయిన తర్వాతి కథ అది. చదువులు పోయాయి, కరెంటు ఎలా పుడుతుందో తెలిసినవాళ్లు పోయారు. మిగిలిన ఒక గుంపు యంత్రాలకు మొక్కుతూ బతుకుతోంది. వాళ్ల పేరు తీగెలోళ్లు. ఆట ఆడేవాడు బయటినుంచి వచ్చిన వీరుడు, ఆ ట్రాన్స్‌ఫార్మర్‌లోని రాగి పట్టుకుపోవాలి. ముసలి పూజారి ఎదురొచ్చి ముందు మంత్రం నేర్చుకోమంటాడు. తెర అడుగున మూడు మాటలు కనబడ్డాయి: నేర్చుకో, తోసెయ్, నవ్వు.

దశరథ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "నవ్వు నొక్కితే ఏమైతది?"

"అది వద్దంకుల్."

ఆయన అదే నొక్కాడు. వీరుడు పగలబడి నవ్వాడు. "ఇనుముకు దండం పెట్టే మూర్ఖులారా" అని టీవీలో తెలుగు వార్తలు చదివినట్టు శుభ్రంగా అన్నాడు. పూజారి పక్కకు తప్పుకున్నాడు. వీరుడు మంత్రం లేకుండానే ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టి కాలి మసైపోయాడు.

దశరథ కాసేపు ఆ మసి వంక చూశాడు. "మనిషన్నోడు పుస్తకం తెలుగు మాట్లాడతడు. మతిలేనోళ్లు మా తెలుగు మాట్లాడతరు. అంతేనా?"

"మీరు అలా మాట్లాడారు కాబట్టి..." అని మొదలుపెట్టి సింధు ఆగిపోయింది. దాచలేక చెప్పింది. "కామెడీగా రాయమన్నారంకుల్. గొంతులు కూడా వాళ్లే అలా చెప్పారు. మిమ్మల్ని అడక్కుండా రికార్డ్ చేయడం నాదే తప్పు. కాని చూడండి, ఆ లోకంలో దీపం వెలిగేది వీళ్ల దగ్గరే. అది నేను రాసింది."

"గది నాకెట్ల తెలుస్తది?"

ఆమె "నేర్చుకో" నొక్కింది. పూజారి తాళం వేశాడు, రాడ్ తీశాడు. "అటు భూమి" అన్నాడు, ఒకవైపు తీగెను భూమికి కలిపాడు. "దండం బెట్టి ఎక్కు సామి" అని నిచ్చెన ఎక్కసాగాడు.

"ఆపు" అన్నాడు దశరథ.

గబాలున ముందుకు వంగాడు. పీట మీది టెస్టర్ దొర్లి కింద పడింది.

"ఇటు భూమి ఏది?"

"పొడవైపోతోందని తీసేశానంకుల్. రెండూ ఒకటేగా అని."

"ఒక్కటి గాదు." సీతారాములు సంగతి చెప్పాడు. పెళ్లి, జనరేటర్, స్తంభం మీదినుంచి దించడానికి పట్టిన సేపు. అంతయ్యకు కూడా ఎప్పుడూ చెప్పనంత వివరంగా చెప్పాడు. "నవ్వితే నవ్విన్రు. గీ ముసలోడు గిట్లెక్కితే సస్తడు బిడ్డా. ఆటల్ల సావకపోతే ఇంకా పాపం. చిన్న పిల్లలు గిదే నిజమనుకుంటరు."

సింధు కన్నీళ్లు పెట్టుకోలేదు. కలం తెచ్చి అరచేతి మీద రాసుకుంది.

"అది పెడతాను."

"ఆ వీరునితోటి గూడ మా మాట మాట్లాడియ్యి."

"మా వాళ్లు ఒప్పుకోరంకుల్."

"అడుగు" అన్నాడు దశరథ. "పాటకు మొదలుమాట గదే."

సాయంత్రం అంతయ్య జమ్మి ఆకు పట్టుకుని వచ్చాడు. దశరథ చేతిలో పెట్టి కౌగిలించుకుని, చెవి దగ్గరే అడిగాడు. "చెప్పినవా పిల్లకు?"

"ఒక దిక్కు రాడ్ తగిలించిన."

"ఇంకో దిక్కు?"

"సూస్తున్న."

అంతయ్య పైకి ఒకసారి చూసి, ఇంకో ఆకు పిట్టగోడ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఎవరికని చెప్పలేదు.

మరో నాలుగు రోజులకు, మధ్యాహ్నం కరెంటు రాగానే పైగది స్పీకర్లలో గొంతులు మొదలయ్యాయి. దశరథ తింటున్న కంచం ముందునుంచి లేచి మెట్ల దగ్గరికి వచ్చాడు. అడుగు, ఆపు. ముక్కుతో మూలగడం కాస్త తగ్గింది, పూర్తిగా పోలేదు. చూడు, ఆగు. ఊపిరి బిగబట్టాడు. అటు భూమి. ఒక క్షణం. ఇటు భూమి. ఈ ఒక్క ముక్క మాత్రం సింధు గొంతు. తర్వాత ముక్కలు ముక్కలుగా తెంచి అతికినట్టున్న పూజారి గొంతు, నేర్చుకోమని వీరుణ్ని పిలిచింది.

ఇక వీరుడు మాట్లాడాలి. దశరథ మెట్ల పక్క కటకటాలు పట్టుకుని చెవి అటే పెట్టాడు. వీరుడు నోరు తెరిచేలోగా కరెంటు పోయింది. పైన కుర్చీ జరిగిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు.

వీరుడు ఏ తెలుగు మాట్లాడతాడో అడుగుదామనుకున్నాడు, అడగలేదు. వరండాలోకి వెళ్లి స్విచ్ పిడి మీది ఎండిన కుంకుమను తాకి కళ్లకద్దుకున్నాడు. మెట్లు దిగివస్తున్న సింధు అడుగుల చప్పుడు మధ్యలో ఆగింది. దశరథ అటు తిరగలేదు. నాలుగు చరణాలూ ఈసారి గొణగకుండా, ఒక్కొక్క మాటా విడమరిచి, పైకి వినబడేలా చదివాడు.