మిరపతోట ఎటు వంగితే అటు

యాకమ్మ మధ్యాహ్నం సద్ది తీసుకుని చేనుకు వెళ్తే, మొగుణ్ణి కేకేసి పిలిచే పని ఎన్నడూ పెట్టుకోలేదు. గట్టెక్కి, మిరపతోట ఎటు వంగి ఉందో చూసి, అటు నడిచేది. సదానందం అక్కడే ఉండేవాడు. ఆయన ఎటు పోతే చెట్లు అటు వంగేవి. బోరు దగ్గరుంటే బోరు వైపు, చేను చివర దొంగచాటుగా బీడీ కాలుస్తుంటే ఆ చివరికి. పాపం, పెళ్ళాం కన్నుగప్పి ఒక్క బీడీ కూడా సుఖంగా కాల్చలేకపోయాడు.

పరకాల దగ్గర ఆ ఊళ్ళో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు. మండలం నుంచి వచ్చిన వ్యవసాయాధికారి కూడా వంగిన చెట్లను చూసి, "తామర పురుగు ఉందా?" అని అడిగి, మందు పేరు చెప్పి, బండెక్కి పోయాడు.

సదానందం మొదట పక్కింటివాడు. యాకమ్మ మొదటి భర్త సారంగపాణి ఇంటికీ, ఆయన ఇంటికీ గోడ ఒకటే; చేన్లకు గట్టు ఒకటే. సారంగపాణి జ్వరంతో పోయేనాటికి కూతురు స్నేహలతను ఇంకా బడిలో వేయలేదు. ఆ ఏడు సదానందం ముందు వాళ్ళ చేను దున్ని, తర్వాతే తన చేను దున్నుకున్నాడు. మరుసటేడూ అంతే. పెళ్ళి చేసుకోని మనిషాయె. ఊరి పెద్దలు చూసి చూసి, "ఎన్నేండ్లు గట్టు మీద నిలవడి మాట్లాడుతర్రా?" అని ఇద్దరికీ మారుమనువు చేశారు.

ఆ రోజు యాకమ్మ కూతుర్ని ముందుకు నెట్టింది. "బాపూ అని పిల్వే."

పిల్ల బిక్కమొహం వేసింది.

"దాన్ని సతాయించకు," అన్నాడు సదానందం. "బాపు అంటే సారంగపాణే. నన్ను కాకా అననియ్యి, ఏమైతది?"

ఆయన ఆమెను సైకిల్ మీద బడికి తీసుకెళ్ళేవాడు. దారికి రెండు పక్కలా చెట్లు ఆయన వైపు వంగేసరికి కాయలు నలిగి పిల్ల పాదాలకు ఘాటు అంటుకునేది. ఒకరోజు కాళ్ళు తడుముకున్న చేత్తోనే కళ్ళు నలుపుకుని, బడి అదిరేలా ఏడ్చింది. మర్నాటి నుంచి సదానందం ఆమెను భుజాల మీద ఎక్కించుకుని, ఒక చేత్తో సైకిల్ నెట్టుకుంటూ, తోట దాటాకే దించేవాడు. కాళ్ళు రెండూ ఎదిగి ఆయన నడుం దాకా వేలాడే వయసొచ్చినా, దిగమంటే దిగేది కాదు.

పెద్దయ్యాక స్నేహలతకు మడికొండలో కంపెనీ ఉద్యోగం వచ్చింది. శనివారం బస్సులో ఊరు చేరుతుంటే తోట రోడ్డు వైపు వంగి కనిపించేది. కాక స్టాపులో నిలబడ్డాడని అర్థం. బస్సు ఆగకముందే ఆమె సంచీ సర్దుకునేది.

ఈ ఏడు మొదటి ఏరుడు కాయ కళ్ళంలో ఎండుతుండగా, యాకమ్మ ఎప్పటిలాగే సద్ది తీసుకుని గట్టెక్కింది. తోటంతా నిటారుగా నిలబడి ఉంది. ఒక్క చెట్టు కూడా ఎటూ వంగలేదు. యాకమ్మ ఆయన్ని వెతకలేదు. సద్దిగిన్నె పక్కన పెట్టి, గట్టు మీదే కూలబడి గుండెలు బాదుకుంది.

మర్నాడు వాకిట్లో పాడె కట్టారు. స్నేహలత వచ్చి, సదానందం అన్న వెంకటేశ్వర్లు ఎదుట నిలబడింది.

"పెద్దనాయినా, అగ్గికుండ నేను పట్టుకుంట."

వెంకటేశ్వర్లు చెడ్డవాడు కాదు. నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. "కాక మీద నీ పావురం నాకెర్కే బిడ్డా. కానీ నెత్తురు పంచుకున్న పాలోళ్ళం మేముండంగ కుండ నీకెట్లిస్త? మా సాయికిరణ్ ఆయినకు కొడుకసొంటోడు."

"మరి నేనెవల్ని? నన్ను పెంచిన మనిషికి నేనేం గానా?"

సాయికిరణ్ కుండ పట్టుకుని, ఆమె మొహం చూడలేక తల వంచుకుని ముందు నడిచాడు.

తోట పక్కన దింపుడు కల్లం. పాడె దించి, చెవిలో అయినవాళ్ళు మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనో మిగిలుంటే లేస్తాడని ఆశ. సాయికిరణ్ వంగి "చిన్నాయినా" అని పిలిచాడు. వెంకటేశ్వర్లు "తమ్మీ" అన్నాడు. తోట కదల్లేదు.

స్నేహలత మోకాళ్ళ మీద కూర్చుంది. చుట్టూ నిలబడ్డ వాళ్ళకు వినపడాలని, "బాపూ" అంది. ఆ మాట ఆమె నోటికే కొత్తగా ఉంది. రెండోసారీ అంది, మూడోసారీ అంది. ఒక్క ఆకు కూడా కదల్లేదు. వెంకటేశ్వర్లు మొహం తిప్పుకున్నాడు.

అప్పుడు ఆమెకు దుఃఖం తన్నుకొచ్చింది. చుట్టూ ఎవరున్నారో మర్చిపోయింది. "కాకా! ఓ కాకా! లే కాకా, ఇంటికి పోదాం!"

బోరు అవతల ఎక్కడో గలగలమంది. ఎర్రటి కాయలు ఒకదానికొకటి తగులుకుంటూ, సాలు వెంట సాలు, తోట వంగడం మొదలుపెట్టింది.

"లేస్తాండు!" అంటూ పాడె కాళ్ళ వైపు కూర్చున్న యాకమ్మ ఒక్క ఉదుటున లేచింది.

చెట్లు వంగి వంగి పాడె దాకా వచ్చాయి. పాడెను దాటి స్నేహలత వైపు తిరిగి ఆగాయి. యాకమ్మ లేచినచోటే మళ్ళీ కూర్చుండిపోయింది.

వెంకటేశ్వర్లు తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కొడుకు వైపు తిరిగాడు. "సాయీ, కుండ మీ అక్కకియ్యి."

సాయికిరణ్ కుండ తెచ్చాడు. స్నేహలత దానివైపు చూడనే లేదు. రెండు చేతులతో చెట్లను అవతలికి నెడుతోంది. "నా దిక్కు కాదు! ఆయిన గీడున్నడు, గిటు వంగుండ్రి! మీకు దండం వెడత, ఆయిన దిక్కు వంగుండ్రి!"

నెట్టిన చెట్టల్లా వదలగానే మళ్ళీ ఆమె వైపే వస్తోంది.

చివరికి ఒక కొమ్మను పాడె వైపు తిప్పి, పిడికిళ్ళతో బిగించి పట్టుకుని అట్లాగే కూర్చుంది. వదిలితే కాక పోయినట్టే. అందరూ నిలబడి చూశారు. పాడె మోసేవాళ్ళు ఎత్తబోయి, వెనక్కి తగ్గారు.

యాకమ్మ మెల్లగా వచ్చి కూతురి పక్కన కూర్చుని, ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది.