వెనక నుంచి పిలిస్తే

బడి రిజిస్టర్లు రాయడం ప్రమీలకు అన్నం వండినంత అలవాటైపోయింది. గిన్నెలు కడిగి, చేతులు కొంగుకు తుడుచుకుని, స్కేలు పట్టుకుని కూర్చుంటే హాజరు పట్టీలు, మార్కుల జాబితాలు, ప్రశ్నపత్రాలు అన్నీ ఆమె చేతిమీదుగానే వెళ్లేవి. కింద సంతకం మాత్రం రవీందర్ సారుది. "నీ రాత ముత్యాలే ప్రమీలా" అని మొగుడు మెచ్చుకున్నప్పుడల్లా ఒళ్లో ఇంకో రిజిస్టరు పడుతుందని పదకొండేళ్ల కాపురంలో ఆమెకు బాగానే తెలిసొచ్చింది. తండాలో మొదటి ఇంటరు పిల్ల తన కూతురే అని ఆమె తల్లి జమ్లి మురిసిపోయేది. ఆ చదువు ఇట్లా అక్కరకొచ్చింది.

రెండువేల ఏడు జూన్‌లో ఛత్తీస్‌గఢ్ వైపు ఊళ్లు తగలబడితే అడవి దాటి వచ్చిన కోయ పిల్లలు పన్నెండు మంది, దుమ్ముగూడెం దగ్గర రవీందర్ పనిచేసే హాస్టల్ బడిలో చేరారు. రవీందర్ వాళ్లను వరండాలో వరసగా కూర్చోబెట్టి, ఒక్క పూటలో అందరికీ కొత్త పేర్లు పెట్టేశాడు. ఎనిమిదేళ్ల ఉంగి వంతు వచ్చింది. తల్లి పరుగుల్లో తప్పిపోతే, అమ్మమ్మ ఆ పిల్లను ఇక్కడ వదిలి పామాయిల్ తోటల్లో కూలికి అశ్వారావుపేట వెళ్లిపోయింది.

"ఉంగి ఏంది, అదొక పేరా? ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినోళ్లు నవ్వుతరు. భవాని అని రాయి" అన్నాడు రవీందర్. ప్రమీల రాసింది. ముత్యాల్లాంటి అక్షరాలతోనే రాసింది. ఆనాటి నుంచి పాత పేరుకు పలికిన పిల్లల్ని అతను క్లాసు బయట నిలబెట్టేవాడు.

అతను చెడ్డవాడేం కాదు. అతని పేరూ ఒకప్పుడు రూప్లా. ఐదో తరగతిలో ఒక సారు రవీందర్ అని మార్చాడు, అప్పటినుంచే తన దశ తిరిగిందని అతని నమ్మకం. ఆ నమ్మకంతోనే పెళ్లి కార్డులో పూలి అన్న పెళ్లికూతురి పేరు కొట్టేసి ప్రమీల అని అచ్చేయించాడు. "సారు పెళ్లాం పేరు పూలి అంటే ఏం బాగుంటది?" అన్నాడట. అత్తగారింట్లో అందరూ అవునన్నారు. తల్లి జమ్లి ఒక్కతే చివరిదాకా పూలీ అని పిలిచేది. రెండేళ్ల కింద తల్లి పోయింది. ఆ తర్వాత ఆ పేరు చెవిన పడలేదు.

ఆ వానాకాలం బడి గది కురుస్తోందని లైబ్రరీ పుస్తకాల సంచుల్ని రవీందర్ ఇంట్లో పడేయించాడు. వాటిని ఎండబెట్టే పని ఎవరిదో చెప్పనక్కర్లేదు. అట్లా ఎండబెడుతుంటే చెదలు తిన్న చిన్న పుస్తకం ఒకటి ప్రమీల చేతికొచ్చింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. హిట్లర్ కాలంలో యూదుల పిల్లల్ని కాపాడిన ఒక యూదు స్త్రీ కథ అది. యూదులని తెలిస్తే పసిపిల్లల్ని కూడా బతకనివ్వని రోజులవి. ఆమె పిల్లల్ని చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయి, ముక్కూమొహం తెలియని వాళ్ల ఇళ్లలో దాచింది. ప్రతి పిల్లకూ యూదు పేరు తీసేసి వేరే పేరు పెట్టింది. ఆడుకుంటున్నప్పుడు వెనక నుంచి హఠాత్తుగా పాత పేరుతో పిలిచేదట. తిరిగి చూసిన పిల్లకు ఇంకా నేర్పాలి. తిరగని పిల్ల ప్రయాణానికి సిద్ధం. ఆమె కూడా మారుపేరుతోనే తిరిగింది. అసలు పేరున్న పేజీలను చెదలు తినేశాయి.

కుక్కర్ కూతలు లెక్కపెడుతూ ప్రమీల ఆ పుస్తకాన్ని మూడుసార్లు చదివింది. ఎన్ని సందేహాలో. ఆమెకు పెళ్లయిందా? అన్ని ఊళ్లు తిరుగుతుంటే ఇంట్లో పొయ్యి ఎవరు ముట్టించారు? అన్నం ఏదని ఎవరూ అడగలేదా? ఆ పిల్లలకు జడలు ఎవరు వేశారు? అమ్మ పిలిచే పేరుకు పలకొద్దని నేర్పుతుంటే ఆమెకు కడుపులో ఎట్లా ఉండేది? ఒకసారి ఉండబట్టలేక రవీందర్‌ని అడిగింది. "నీకెందుకవన్నీ, పరీక్ష రాస్తవా?" అని అతను నవ్వి టీవీ పెట్టుకున్నాడు.

అన్నిటికంటే ఆమెను పట్టుకున్నది ఒక సంగతి. ఆ స్త్రీ చిన్న కాగితాల మీద ప్రతి పిల్ల అసలు పేరు, పక్కన కొత్త పేరు రాసి, కుట్టుమిషను బల్లలో దాచింది. ఎప్పటికైనా తల్లులు వెతుక్కుంటూ వస్తే అప్పజెప్పడానికి. మా సారూ పేర్లు మార్చాడు, ఆమె కూడా మార్చింది కదా, మరి తేడా ఏంటి అని ప్రమీల చాలా రోజులు ఆలోచించింది. జవాబు ఆ చిన్న కాగితం ముక్కలో ఉందని తెలిశాక కూడా ఏమీ చేయలేదు. అందుకు తర్వాత తనను తానే తిట్టుకుంది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక ఆదివారం కోడికూర తింటూ రవీందర్ మాటల్లో మాటగా చెప్పాడు. పొద్దున బడికి ఎవరో ఆడమనిషి వచ్చిందట. తెలుగు సరిగా రాదు. హాస్టళ్లన్నీ తిరుగుతోందట, బిడ్డ కోసం. రిజిస్టరంతా వెతికి, ఆ పేరుగల పిల్ల లేదని చెప్పి పంపేశాడట.

"ఏం పేరడిగింది?"

"ఏమో, ఉంగో, ఇంగో. కూర ఇంకింత ఎయ్యి."

ప్రమీల చేతిలో గరిటె ఆగింది. అతను అబద్ధం ఆడటం లేదు. ఒక్క పూటలో పెట్టిన పన్నెండు పేర్లలో ఏది ఎవరిదో నిజంగానే మర్చిపోయాడు. రిజిస్టరులో ఉంగి లేదు. లేకుండా రాసింది తన చేతులే. గరిటె గిన్నెలో పడేసి చెప్పులు తొడుక్కుంది. కూర ఎవరు వేస్తారని అతను అడుగుతున్నాడు. గిన్నె అక్కడే ఉందని చెప్పి బయటపడింది.

చర్ల బస్సు ఇంకా రాలేదు. రామక్క టీ హోటల్ ముందు నేల మీద ఒకామె కూర్చుని ఉంది. పాదాలు పగిలిపోయి ఉన్నాయి. ప్రమీలకు కోయ భాష రాదు. ఎదురుగా కూర్చుని ఒక్క మాట అంది.

"ఉంగి?"

ఆమె ప్రమీల మణికట్టు పట్టుకుంది. వాగు దాకా వదల్లేదు.

ఆదివారం కాబట్టి ఆడపిల్లలంతా వాగులో బట్టలు ఉతుక్కుంటున్నారు. అందరివీ ఒకే రంగు గౌన్లు, అందరి వీపులూ ఇటే. ప్రమీల గట్టిగా ఉంగీ అని పిలిచింది. ఒక్క తల కూడా తిరగలేదు. పుస్తకంలోని పరీక్ష ఈ పిల్ల పాసైపోయింది, అదీ తల్లి కళ్లముందే.

అప్పుడు తల్లి పిలిచింది. అదే పేరు, కానీ చివర సాగదీసి, పాడినట్టుగా. చివరనున్న పిల్ల చేతిలో బట్ట ఆగిపోయింది. అయినా తిరగలేదు. "సారు నిలబెడ్తడు" అని సన్నగా గొణిగింది. తల్లి నీళ్లలోకి దిగి ఇంకోసారి పిలిచింది. పిల్ల తిరిగింది. బట్ట వాగులో కొట్టుకుపోయింది, దాన్ని ఎవరూ పట్టుకోలేదు. ప్రమీల ఒడ్డున నిలబడి, సిగ్గుపడకుండా ఏడ్చింది. ఎవరి కోసమో ఆమెకే సరిగా తెలియదు.

సాయంత్రం రవీందర్ కొంచెం చిన్నబోయాడు. మంచిపనే అయిందన్నాడు. తర్వాత ఎప్పటిలాగే కొత్త నెల రిజిస్టరు తెచ్చి ముందు పెట్టి, జల్దీ రాసెయ్యమని చెప్పి వరండాలోకి పోయాడు. ప్రమీల దాన్ని తెరిచింది. పేరు గడి పక్కన స్కేలు పెట్టి ఇంకో గీత గీసింది. పైన 'అమ్మ పెట్టిన పేరు' అని రాసింది. మిగిలిన పదకొండు మందినీ రేపు పొద్దున ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని అడగాలి. ఒకటి రెండు పేర్లు పిల్లలే మర్చిపోయి ఉంటే ఎట్లా అన్నదే దిగులు.

"ప్రమీలా, చాయ్" అని వెనక నుంచి కేక వినిపించింది.

ఆమె తిరగలేదు. అతను మళ్లీ పిలిచాడు. పెళ్లి కార్డులో తానే కొట్టేసిన పేరు ఈ మనిషికి గుర్తుందా, ఎన్నో పిలుపుకు నోట్లోంచి వస్తుందో చూద్దామని ఆమెకు మహా కుతూహలంగా ఉంది. పూలి తలెత్తకుండా తర్వాతి గీత గీసుకుంది.