కార్తీకంలో వెల్లుల్లి

మా బావ భీమారావు రాయపూర్‌లో రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు. మొండిఘటం. మా అక్క రంగనాయకమ్మ పక్షవాతంతో మంచం పట్టాక, చూస్తూ పడుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని తెలీబంధా బజారుకి వెళ్ళి ఒక గాజు తొట్టె, అందులోకి ఒక ఎర్ర చేప కొనుక్కొచ్చాడు. "మనిషి మంచంలో ఉంటే నీకు సేపల్తో ఆటలేటి బావా?" అని, అక్కకు సాయంగా వచ్చి ఉంటున్న నేను దెప్పాను.

తీరా ఆ చేపే అక్క ప్రాణం నిలబెట్టింది. మాట పడిపోయి, పెట్టిన ముద్ద నోటి పక్కనుంచి కార్చేసే మనిషి, చేప మేత గింజ మింగడం చూసి తనూ నోరు తెరిచింది. అప్పటినుంచి అదే పద్ధతి. బావ తొట్టెలో గింజ వేస్తాడు, చేప మింగుతుంది, అక్క నోరు తెరుస్తుంది. ఆమెకు ఏమీ తెలియదు, చంటిపిల్లతో సమానం అన్నాడు డాక్టరు. తింటోంది కదా, మాకు అదే చాలు.

కార్తీకంలో చేపకు జబ్బు చేసింది. ఒంటినిండా తెల్ల చుక్కలు. గింజ నోట్లోకి తీసుకుని ఉమ్మేసేది. దాంతో అక్కా నోరు మూసుకుంది. ఇలాగైతే మనిషి దక్కదన్నాడు డాక్టరు. బావ సైకిలెక్కి చేపల దుకాణానికి పరుగెత్తాడు. వెల్లుల్లి రసంలో గింజలు నానబెట్టి వేస్తే ఆ వాసనకు చేపకు ఆకలి పుడుతుందన్నాడట కొట్టువాడు.

"కార్తీకంలో ఎల్లుల్లా? అక్క బాగున్నప్పుడైతే నిన్ను గుమ్మం ఎక్కనిచ్చేదా?" అన్నాను. ఆ నెలంతా ఉల్లి, వెల్లుల్లి గడప దాటనిచ్చేది కాదు అక్క.

"దానికిప్పుడేటి తెలుస్తాది పైడమ్మా? సేప తింటే అదీ తింటాది."

తనే రోట్లో నూరాడు. నానిన గింజ వేయగానే చేప విసురుగా వచ్చి మింగేసింది. అక్క నోరు తెరిచింది! బావకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పాలన్నం ముద్ద ఆమె నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు.

అక్క ముక్కుపుటాలు కదిలాయి. బావ చేతిని చూసింది. బావ ముఖం చూసింది. నోరు మూసేసింది.

సబ్బుతో తోముకున్నాడు, చింతపండుతో రుద్దుకున్నాడు. నేను తలస్నానం చేసి వండి నా చేత్తో పెట్టాను. పెదవి విప్పలేదు, కళ్ళు మాత్రం కారుతున్నాయి. ఏమీ తెలియదనుకున్న మనిషికి నెల తెలుసు, నియమం తెలుసు, మేమెవరమో తెలుసు. ఇన్నాళ్ళూ ఆమె ముందే ఏమేం మాట్లాడుకున్నామో తలచుకుంటే నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

నూరిన వెల్లుల్లి పారేసి, మిగిలిన పాయలు పెరట్లో పెట్టి ఇల్లంతా కడిగాం. చేప మళ్ళీ గింజ ఉమ్మేసింది. వెల్లుల్లి ఉంటే చేప తింటుంది, అక్క తినదు. లేకపోతే ఇద్దరికీ పస్తే.

"తప్పయిపోనాది రంగా. ఒక్క ముద్ద తినే," అని బావ ఆమె కాళ్ళు పట్టుకుని బతిమాలాడు. అక్క అతణ్ణి చూసి, నోరు తెరవకుండానే కళ్ళు మూసుకుంది.

బావ లేచాడు. "మళ్ళీ నూరు పైడమ్మా. ఆ సేపొక్కటైనా బతకనీ," అన్నాడు.

నేను రోలు దగ్గరకు వెళ్ళాను.