గంట బిగించింది ఎవరు

“మావాడి చేతిలో ఏం మహిమ ఉందో గానీ, ముట్టుకున్నదల్లా బాగవుతుంది!” అంది అత్తగారు, హాల్లో గంట ఖంగున మోగగానే.

వంటింట్లో చిక్కుడుగింజల సూపు కలుపుతున్న వెలిచ్కా, “అవునత్తయ్యా, ఒగ్న్యానే బిగించాడు” అంది.

అబద్ధం. వీధి తలుపుకు భర్త ఒగ్న్యాన్ పెట్టిన కెమెరా గంట అతని ఫోనులో మోగేది గాని, చెవులు మందగించిన ముసలామెకు వినపడాల్సిన పాత గోడగంట మాత్రం ఈగలా రొద పెట్టేది. రెండు రోజులు నిచ్చెనెక్కి దిగి, “కమ్యూనిస్టుల కాలం నాటి చెత్త” అని తిట్టి వదిలేశాడు. అతను ఆఫీసుకు వెళ్ళాక వెలిచ్కా మెయిన్ ఆపింది. ఎనిమిది వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తీసి పదహారుది పెట్టింది. కెమెరాతో పాటు వచ్చిన చిన్న పెట్టెను అతను అట్టడబ్బాలోనే వదిలేశాడు. దాన్ని గంట స్క్రూలకు కలిపింది. అది లేకపోతే కెమెరాకు పోయే కరెంటు ఎప్పుడూ గంట తీగచుట్టలోంచే పోతూ దాన్ని కాల్చేస్తుంది. రూసే పట్టణంలో రిలేలనే కరెంటు స్విచ్చులు చేసే ఫ్యాక్టరీ మూతపడేదాకా పంతొమ్మిదేళ్ళు ఆమె చేసింది ఇలాంటి పనే.

సాయంత్రం చెబితే ఒగ్న్యాన్ నవ్వాడు. “అమ్మకు చెప్పకు. ‘ఇంట్లో మగాడెందుకు మరి’ అంటుంది.” ఆమె కూడా నవ్వింది. తర్వాత ఆ నవ్వు తలుచుకుంటేనే చెంపలు మండేవి.

అత్తగారి పొగడ్త పక్కింటిదాకా పాకింది. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న రుమ్యానా కూడా అలాంటి కెమెరా గంటే కొని ఒగ్న్యాన్‌ను పిలిచింది. “నేనూ రానా?” అంది వెలిచ్కా. “నువ్వెందుకు? నవ్వుతారు” అని ఒక్కడే వెళ్ళాడు.

సోమవారం రుమ్యానా కంచె దగ్గర తలవంచుకుని నిలబడింది.

“మా గోడగంట మాడిపోయిందమ్మాయ్. మా ఆయన వేసిన వైరింగే తప్పుల తడకట, మీవాడు చెప్పాడు. అనవసరంగా మీవాడిని కష్టపెట్టాను. సిగ్గుగా ఉంది.”

రుమ్యానా భర్త ఆ ఇంట్లో ప్రతి తీగా ఎంత పద్ధతిగా లాగాడో వెలిచ్కాకు తెలుసు. ఇన్నాళ్ళూ తన నోరు తాను మూసుకుంటే నష్టం తనకొక్కదానికే అనుకుంది, అణకువ అనుకుంది, ఇంట్లో గొడవ లేకుండా చూసుకోవడం అనుకుంది. ఇప్పుడు ఏ పాపమూ ఎరుగని మనిషి, పోయిన భర్త తరఫున, తనముందే తలవంచుకుంది. వెలిచ్కా లోపలికెళ్ళి పొయ్యి ఆపి, స్క్రూడ్రైవరూ ఇంట్లో మూలపడున్న పాత గంటొకటీ సంచిలో వేసుకుని రుమ్యానా ఇంటికి వెళ్ళింది.

గంట మూత తీసి చూస్తే అనుకున్నంతా అయింది. చిన్న పెట్టె ఇక్కడా కెమెరా అట్టడబ్బాలోనే ఉంది.

“మీ ఆయన వైరింగ్‌లో తప్పేం లేదక్కా. ఇది పెట్టడం మా ఆయనకు తెలీదు. మా ఇంట్లో బిగించింది నేను.”

రుమ్యానా తెల్లబోయింది. “మరి చెప్పలేదేమే?”

“ఎవరూ అడగలేదు” అనబోయి ఆగింది వెలిచ్కా. “తన కొడుకే బాగుచేశాడని నేను వింటుండగానే అత్తయ్య అందక్కా. అవునన్నది నేనే. నీ గంట మాడింది నా వల్ల కూడా.”

ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకరు నొక్కింది.

“ఎక్కడున్నావ్? అమ్మ సూపు కోసం కూర్చుంది” అన్నాడు ఒగ్న్యాన్.

వెలిచ్కా మొహం కందిపోయింది. అయినా గొంతు తగ్గించలేదు.

“రుమ్యానక్క ఇంట్లో. నువ్వు కాల్చేసిన గంట మారుస్తున్నాను. సూపు నువ్వు వడ్డించు, అమ్మకు ఈ మాట కూడా నువ్వే చెప్పు.”