ముప్ఫై ఒక్క జుబ్బాలు

"పిన్నిగారూ" అన్న పిలుపు చెవిన పడితే చాలు, శేషారత్నం ఇప్పుడు ఫోను పెట్టేస్తుంది. నెల కిందటి వరకూ అదే పిలుపుకి ఆవిడ కరిగి నీరైపోయేది.

తెనాలిలో ఆవిడ కుట్టేవి పసిపిల్లల జుబ్బాలు. మెత్తటి మల్లు గుడ్డ; గుండీలుండవు, ముడి వేసుకునే తాళ్ళు. అంచుల పని రేపల్లెలో సరోజ చేస్తుంది. ఇద్దరూ పాతికేళ్ళ కిందట పక్కపక్క మిషన్ల మీద కుట్టు నేర్చుకున్నవాళ్ళు. కుట్టినవి మూట కట్టేముందు సరోజ వాటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకుంటుంది. మూట తెనాలి చేరాక శేషారత్నం ఒక్కో జుబ్బాకీ లోపలి అంచున ఇంత పసుపు రాస్తుంది. పసుపు పెట్టని కొత్తబట్ట బిడ్డ ఒంటికి తగలకూడదని ఆవిడ పట్టుదల. "మీ పసుపూ ఉంది, నా ప్రార్థనా ఉంది, ఇంక పిల్లలకేం భయం అక్కా" అని నవ్వేది సరోజ.

కోడలు తనూజ ఆ జుబ్బాల ఫోటోలు 'ముంగిలి' అనే ఆన్‌లైన్ బజారులో పెట్టింది. ఊరికే పెట్టుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. కానీ వేల జుబ్బాల మధ్య ఇవి ఎక్కడో అడుగున పడి ఉండేవి. ఏడాదికి పద్దెనిమిది వేలు ముందుగా కడితే సొంత పేరుతో కొట్టు ఇస్తారు, కొనేవాళ్ళు నేరుగా ఆ కొట్టులోకే వస్తారు. కట్టిన డబ్బు మాత్రం ఇక వెనక్కి రాదు.

ఆ పద్దెనిమిది వేలూ ఇద్దరూ కలిపి ఓవర్‌లాక్ మిషను కోసం రెండేళ్ళుగా కూడబెట్టినవే. సరోజ చూపు మసకబారుతోంది. మిషను వస్తే చేత్తో అంచులు కుట్టే బాధ తప్పుతుంది. కొట్టు తెరిచాక అది నడవకపోతే మిషనూ లేదు, కొట్టూ లేదు. అందుకే ఎప్పుడు కట్టాలన్నది శేషారత్నం రోజూ తలకెత్తుకుని తిరిగేది. "మీరెప్పుడంటే అప్పుడే అక్కా" అని సరోజ ఆ బరువు కూడా ఆవిడ మీదే పెట్టేసింది.

అప్పుడు మొదలయ్యాయి విష్ణువర్ధన్ ఫోన్లు. కొట్లు అంటగట్టడానికి ముంగిలి వాళ్ళు పెట్టుకున్న మనిషి.

"మాదీ ఈ పక్కేనండి, పిట్టలవానిపాలెం. మిమ్మల్ని మేడమ్ అనబుద్ధి కావట్లేదండి, పిన్నిగారూ అంటాను."

మూడో ఫోనుకల్లా శేషారత్నం అతన్ని అన్నం తిన్నావా అని అడగడం మొదలుపెట్టింది. నాలుగోసారి అతనే అడిగాడు. "ఇంతకీ కొట్టు ఎప్పుడు తెరుద్దామండి పిన్నిగారూ? మీ మనసులో ఏవుందో చెప్పండి."

"నీ దగ్గర దాపరికమేంటి నాయనా. మా చుట్టాలు కొన్నవి లెక్కలోకి రావు. ముక్కూ మొహం తెలీనివాళ్ళు ఒక్క నెలలో ముప్ఫైమంది కొంటే ఆ వారంలోనే కట్టేస్తాను."

మన వైపు మనిషి, నోరారా పిన్ని అన్నాడు, దాచుకోవడం మర్యాదా అనుకుంది. ఏం మర్యాదో!

మరుసటి నెల ఆర్డర్లు వచ్చిపడ్డాయి. ఇరవై నాలుగో తేదీకి ముప్ఫై ఒకటి. సరోజకి ఫోన్ చేస్తే సంతోషం పట్టలేక ఏడ్చేసింది. శేషారత్నం వీధి వీధంతా సున్నుండలు పంచింది. శుక్రవారం మంచిరోజని, ఆ పొద్దున్నే డబ్బు కట్టాలని అనుకున్నారు.

బుధవారంనాడు తనూజ పార్సెళ్ళ చిరునామా చీటీలు చూసి అంది. "అత్తయ్యా, తొమ్మిది జుబ్బాలు బాపట్లలో ఒకే మేడకి వెళ్ళాయి. పేర్లే వేరు, గది ఒక్కటే."

"పురుళ్ళాసుపత్రి అయ్యుంటుందే!" అంది శేషారత్నం, మొహం ఇంత చేసుకుని. తొమ్మిదిమంది బాలింతలు! తను కుట్టిన జుబ్బాల్లో తొమ్మిదిమంది బిడ్డల్ని ఒక్కచోట చూడొచ్చు. బాలింతల్ని చూడబోతూ వట్టి చేతులతో ఎలా వెళ్ళడం? శొంఠీ పిప్పళ్ళూ దంచి, బెల్లం పాకం పట్టి, నెయ్యి పోసి, బాలింతలకి పెట్టే కాయం సీసాడు చేసింది. గురువారం పొద్దున రైలెక్కి బాపట్లలో దిగింది.

మేడ మీద ఆసుపత్రీ లేదు, బోర్డూ లేదు. తలుపు తోస్తే సిగరెట్ల కంపు గుప్పున కొట్టింది. గోడ వారన విప్పని పార్సెళ్ళు గుట్టగా పడి ఉన్నాయి. కొన్ని చిరిగి లోపలి సరుకు కనిపిస్తోంది: పచ్చడి సీసాలు, తుంగచాపలు, ఇత్తడి కుందులు. అయిదారుగురు మగాళ్ళు ఫోన్లలో మాట్లాడుతున్నారు. అటు తిరిగి కూర్చున్న ఒకతని గొంతు ఆవిడకి బాగా తెలుసు.

"నా దగ్గర దాపరికమేంటండి బాబాయిగారూ. ఎన్ని ఆర్డర్లొస్తే కడతారో చెప్పండి చాలు."

పక్కవాడి గ్లాసు ఒలికి బల్లంతా టీ అయింది. వాడు ఒక గుడ్డ తీసుకుని బల్ల తుడిచి, చెయ్యి తుడుచుకుని, దాంతోనే సిగరెట్ బూడిద నెట్టేశాడు. గుడ్డకి సన్నటి తాళ్ళు వేలాడుతున్నాయి. లోపలి అంచున పసుపు.

శేషారత్నానికి ఒళ్ళంతా తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది. "అది నా జుబ్బా" అంది.

విష్ణువర్ధన్ ఇటు తిరిగాడు. తడబడలేదు, తల దించుకోలేదు. కుర్చీ కూడా లాగాడు.

"అయ్యో పిన్నిగారూ, మీరెందుకొచ్చారండి ఇంత దూరం! కూర్చోండి. మేం డబ్బులిచ్చే కొన్నామండి, ఇక్కడికి తొమ్మిది, తక్కినవి మావాళ్ళ ఇళ్ళకి. వారంలోపు అన్నీ తిప్పి పంపేస్తాం, మా డబ్బు మాకొచ్చేస్తది. అదొక్కటీ ఉంచేసుకుంటాంలెండి. మీకు ధైర్యం రావాలి కదండి, అందుకని చేశాం. అందరికీ చేసేదే."

ధైర్యమట! ఆ మాట అంటున్నప్పుడు కూడా వాడి మొహంలో కొడుకు వరసవాడి నవ్వు అలాగే ఉంది. దాని మీద ఉమ్మేయాలనిపించింది ఆవిడకి.

"ముప్ఫై ఒకటిలో నిజంగా బిడ్డల కోసం కొన్నవెన్ని?"

"నాలుగండి" అన్నాడు వెంటనే. వాడి దగ్గర లెక్క ఉంది. మొదటినుంచీ ఉంది.

నాలుగు. ఆ నాలుగుకి తను వీధంతా సున్నుండలు పంచింది, సరోజని ఏడిపించింది. వాడి మీద ఎంత రోత పుట్టిందో, పిన్ని అనగానే పొంగిపోయిన తన మీదా అంతే రోత పుట్టింది.

కొంగున ముడేసిన డబ్బు విప్పి జుబ్బా ధర రెండువందల నలభై బల్ల మీద, టీ తడిలోనే పెట్టింది. "కొన్నానన్నావుగా. నాది నేను తిరిగి కొనుక్కుంటున్నాను." జుబ్బా తీసుకుని మూలనున్న కుళాయి కింద ఉతికింది. పసుపు పోలేదు. టీ మరకా పోలేదు.

విష్ణువర్ధన్ మెట్ల దాకా వెంటపడ్డాడు. "కోప్పడకండి పిన్నిగారూ. పోనీ ఈసారి ఎన్నైతే కడతారో చెప్పండి."

అడిగినవాళ్ళకల్లా అన్నీ చెప్పే శేషారత్నం నోరు విప్పకుండా మెట్లు దిగిపోయింది.

స్టేషన్లో బెంచీ మీద కూర్చుంటే సరోజ ఫోన్ చేసింది. "రేపే కదక్కా కట్టేది?"

"కట్టట్లేదు. నిజంగా కొన్నది నలుగురే సరోజా, తక్కినవన్నీ ముంగిలి వాళ్ళు పెట్టిన దొంగ ఆర్డర్లు. రేపు మిషను కొంటున్నాం."

"మరి కొట్టు?"

"నిజంగా ముప్ఫై వచ్చాక. ఆ ముప్ఫై అన్న మాట మనిద్దరి మధ్యే ఉండాలి. పిన్నీ అని పిలిచినా, అక్కా అని పిలిచినా, ఎవడికీ చెప్పకు."

సంచిలో తడి జుబ్బా కాయం సీసాకి అంటుకుపోయి ఉంది. ఆవిడ సీసా పైకి తీసి, కొంగుతో శుభ్రంగా తుడిచి, ఒళ్ళో పెట్టుకుంది.